పైసలు కట్టే ముందు వీసా చదవండి



గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లేవాళ్ల వీసా గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు పల్లెల్లోనూ, అటు రాయచోటి, రాజంపేట, గోదావరి జిల్లాల్లోనూ గల్ఫ్‌తో సంబంధం లేని వాడ కనపడడం కష్టం. 1970ల్లో చమురు ధరలు పెరిగి ఆ దేశాల్లో రోడ్లు, రేవులు, మేడలు కట్టడం ఊపందుకున్నప్పటి నుంచి మనవాళ్లు వెళ్తూనే ఉన్నారు. అంతకుముందు మగ్గం పనికి భీవండి, సోలాపూర్ పోయిన ఇళ్లలో తర్వాతి తరం దుబాయ్, మస్కట్, రియాద్ దారి పట్టింది. ఆ డబ్బుతో పెంకుటిళ్ల చోట స్లాబు ఇళ్లు లేచాయి. చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి. పిల్లలు పెద్ద చదువులు చదివారు. కాబట్టి వెళ్లొద్దని చెప్పడానికి నేను రాలేదు. వెళ్లే ముందు కాగితం చదవమని చెప్పడానికి వచ్చాను.

గల్ఫ్‌లో దెబ్బతిని వచ్చినవాళ్ల మాటలు విన్నకొద్దీ నాకు ఒక సంగతి తేటపడింది. అక్కడ తగిలిన దెబ్బకు మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఏజెంటు చేతిలో పైసలు పెట్టిన రోజున, చదవని కాగితం మీద సంతకం చేసిన రోజున ఆ కష్టం మొదలై ఉంటుంది. ఇంటి దగ్గర ఉన్నంతకాలం మీరు అడగొచ్చు, వద్దనొచ్చు, ఇంకో ఏజెంటును చూసుకోవచ్చు, పోలీసు ఠాణాకు పోవచ్చు. విమానం దిగాక మీ కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఎవరు, వీసా మీద రాసిన పని ఏది అన్నదాన్ని బట్టే మీ రోజులు గడుస్తాయి. అడిగే బలం, కాదనే బలం విమానం ఎక్కక ముందే ఎక్కువ. ఆ బలాన్ని వాడుకోండి. నేను చెప్పదలచుకున్నది అంతే. ఎట్లా వాడుకోవాలో ఇప్పుడు ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎకరం భూమి కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? పహాణీ చూస్తాం. ఈసీ తీయిస్తాం. హద్దులు కొలిపిస్తాం. పక్క పొలం వాళ్లను అడుగుతాం. అమ్మేవాడు అసలు పట్టాదారేనా అని పది మందిని విచారిస్తాం. అదే ఇంటి కొడుకు రెండేళ్ల బతుకును ఒక కాగితం మీద పెట్టి పంపేటప్పుడు మాత్రం, "తెలిసిన అన్ననే, మనోడే" అని చెప్పి లక్షన్నర చేతిలో పెట్టేస్తాం. భూమికి చూపే జాగ్రత్తలో సగం వీసాకు చూపినా ఎన్నో ఇళ్లు అప్పుల పాలు కాకుండా ఉండేవి.

ముందు వీసాల్లో రకాలు తెలుసుకుందాం. మొదటిది పని వీసా. మన ఊళ్లలో కంపెనీ వీసా అంటారు. దీని మీద మిమ్మల్ని పనిలో పెట్టుకునే కంపెనీ పేరు ఉంటుంది, మీరు చేసే పని పేరు ఉంటుంది. రెండోది విజిట్ వీసా. అది చుట్టపుచూపుగా, ఊరు చూడ్డానికి వెళ్లేవాళ్ల కోసం. దాని మీద పని చేయడానికి ఏ గల్ఫ్ దేశమూ ఒప్పుకోదు. మూడోది ఏజెంట్లు ఆజాద్ వీసా, ఫ్రీ వీసా అని అమ్మేది. ఎవరి దగ్గరైనా, ఏ పనైనా చేసుకోవచ్చని చెబుతారు. నిజానికి ఏ గల్ఫ్ దేశం చట్టంలోనూ ఆజాద్ వీసా అనేది లేదు. ఎవరో ఒకాయన తన పేరు మీద వీసా తీసి, డబ్బుకు అమ్ముకుని, మనిషిని బయటికి వదిలేస్తాడు. కాగితం మీద మీరు ఆయన మనిషి. పని చేసేది ఇంకెక్కడో. తనిఖీ జరిగిన రోజున తప్పు మీ మీదే పడుతుంది. ఏడాది తిరిగేసరికి ఇఖామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డు, రెన్యువల్‌కు ఆయన మళ్లీ డబ్బు అడుగుతాడు. ఇవ్వకపోతే మనిషి పారిపోయాడని ఫిర్యాదు చేస్తాడు. సౌదీలో దాన్నే హురూబ్ అంటారు. అది పడ్డవాడు మన ఊరి భాషలో ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి, అయినట్టే. పట్టుబడితే జైలు, ఆ తర్వాత ఔట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ పత్రం మీద ఇంటికి.

మొన్నామధ్య ఒక తల్లీ కొడుకూ కాగితాలు చూపించడానికి నా దగ్గరికి వచ్చారు. కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయి. దుబాయ్‌లో క్లీనింగ్ కంపెనీ, నెలకు 1200 దిర్హాములు, రూము కంపెనీదే అని ఏజెంటు చెప్పాడట. వీసా ఫోన్‌లో ఉంది. ముగ్గురం కలిసి పై నుంచి కిందికి చదివాం. పేరు సరిగానే ఉంది. పాస్‌పోర్టు నంబరు సరిగానే ఉంది. దాని కింద వీసా రకం అన్న చోట టూరిస్టు అని ఉంది. గడువు 60 రోజులు. స్పాన్సర్ అన్న చోట ఒక ట్రావెల్స్ పేరు. అప్పటిదాకా మాట్లాడని ఆ తల్లి, "మరి కంపెనీ పేరు ఏది సారూ?" అని అడిగింది. బడికి పోని మనిషి. ఆమె అడిగిన ప్రశ్న ఎంత చదువుకున్నవాడైనా అడగాల్సిందే. కంపెనీ పేరు ఆ కాగితం మీద ఎక్కడా లేదు.

ఏజెంటుకు ఫోన్ చేస్తే, "అక్కడికి పోయినంక మారుస్తరు, అందరూ గట్లనే పోతున్నరు" అన్నాడు. ఇందులో ఒక ముక్క నిజం ఉంది. దుబాయ్ ఉన్న ఎమిరేట్స్‌లో విజిట్ మీద వెళ్లినవాళ్లకు ఏదైనా కంపెనీ ఉద్యోగం ఇస్తే పని వీసాకు మార్చుకునే వీలుంది. కానీ మార్చే కంపెనీ ఏది? మాట ఇచ్చింది ఎవరు? దానికి రాతకోత ఏది? ఏదీ లేదు. మారే లోపల పని చేస్తే చట్టవిరుద్ధం. 60 రోజులు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. అంటే నెలకు 1500. వస్తుందన్న జీతమే 1200 కదా! 2024లో ఎమిరేట్స్ తన కార్మిక చట్టాన్ని కఠినం చేసి, పర్మిట్ లేకుండా మనుషుల్ని పనిలో పెట్టుకునే యజమానికి లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల దాకా జరిమానా పెట్టింది. ఆ తర్వాత నిజమైన కంపెనీ విజిట్ మీద ఉన్నవాణ్ణి పనిలో పెట్టుకోవడానికి జంకుతుంది. జంకనివాడు ఎట్లాంటివాడో మీరే ఆలోచించండి.

విజిట్ వీసా మీద పంపే ఏజెంటు ఇంకో మాట కూడా నేర్పిస్తాడు. "ఎయిర్‌పోర్టుల ఎవరడిగినా సుట్టాన్ని చూడబోతున్న అని చెప్పు" అంటాడు. చేతిలో రిటర్న్ టికెట్ పెడతాడు. మనిషి దిగగానే దాన్ని రద్దు చేసి డబ్బు తీసుకుంటాడు. మీకు ఎవరైనా అబద్ధం నేర్పించి పంపుతున్నారంటే, ఆ పని సక్రమమైనది కాదని అక్కడే తెలిసిపోవాలి. నిజమైన పని వీసా ఉన్నవాడు, "పనికి పోతున్న సార్, ఇదిగో కంపెనీ కాగితం" అని నిక్కచ్చిగా చెప్పగలడు.

ఆ అబద్ధం ఎందుకు నేర్పిస్తారో అర్థం కావాలంటే ఈసీఆర్ అన్న మాట తెలియాలి. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ అని పడుతుంది. ఆ పాస్‌పోర్టుతో 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆరు గల్ఫ్ దేశాలతో పాటు ఇరాక్, జోర్డాన్, లెబనాన్, మలేషియా, థాయిలాండ్ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. 1983 నాటి వలస చట్టం ప్రకారం ఈ అనుమతి ఇచ్చే అధికారిని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అంటారు. హైదరాబాద్‌లో ఆ ఆఫీసు ఉంది. ఇప్పుడు ఆ పనంతా ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ద్వారా జరుగుతోంది. అనుమతి ఇచ్చే ముందు కంపెనీ ఉందా, జీతం ఎంత, ఒప్పందం ఏమిటి అని చూస్తారు. విజిట్ మీద వెళ్లేవాడికి ఈ తనిఖీ ఏదీ ఉండదు. ఏజెంటుకు కావాల్సిందే అది. ప్రభుత్వం కన్ను పడకుండా మనిషిని దాటించడం. చాలామంది ఈసీఆర్ ముద్రను అవమానంగా, అడ్డంకిగా అనుకుంటారు. నన్నడిగితే, చదువు తక్కువైనవాడి తరఫున కాగితాలు చదవడానికి ప్రభుత్వం పెట్టిన మనిషి ఆ అధికారి. ఆయన్ని తప్పించుకుని పోతే మన తరఫున చదివేవాళ్లు ఇంకెవరూ ఉండరు.

ఇక ఏజెంటు సంగతి. విదేశాలకు మనుషుల్ని పంపే వ్యాపారానికి కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు కావాలి. పెద్ద ఏజెన్సీ అయితే 50 లక్షల రూపాయల బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. లైసెన్సు ఉన్నవాళ్ల పేర్లు, నంబర్లు ఈమైగ్రేట్‌లో ఉంటాయి. సస్పెండ్ అయినవాళ్ల జాబితా కూడా అక్కడే ఉంటుంది. ఫోన్ వాడడం వచ్చిన పిల్లలు ఇంట్లో ఉంటే ఐదు నిమిషాల్లో చూసి చెప్పగలరు. ఏజెంటు ఇచ్చిన కార్డు మీద, ప్రకటన మీద ఆ లైసెన్సు నంబరు లేకపోతే అడగండి. వెబ్‌సైటులో పేరూ ఊరూ కలుస్తున్నాయో లేదో చూడండి. చాలామంది లైసెన్సు ఉన్న ఏజెంటును కలవనే కలవరు. ఊళ్లో ఒకడు, మండలంలో ఒకడు, ముంబైలో ఒకడు, ఇట్లా చెయ్యి మారుతూ పోతుంది. చెయ్యి మారినప్పుడల్లా ధర పెరుగుతుంది, జవాబుదారీ తగ్గుతుంది. వీళ్లను సబ్‌ఏజెంట్లు అంటాం. చట్టంలో సబ్‌ఏజెంట్ అన్నవాడు లేడు. లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపడం నేరం. రెండేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు.

ఎంత కట్టాలి? ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. లైసెన్సు ఉన్న ఏజెంటు మీ దగ్గర తీసుకోదగిన సర్వీసు ఛార్జి అత్యధికంగా 30 వేల రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్‌టీ. మొత్తం కలిపి 35,400. దానికి రసీదు ఇవ్వాలి. అంతకు పైన అడిగినవాడు చట్టం దాటుతున్నాడు. మరి వీసా ఖర్చు ఎవరిది? యజమానిది. ఎమిరేట్స్ కార్మిక చట్టం మనిషిని రప్పించే ఖర్చు కార్మికుడి మీద వేయొద్దంటోంది. సౌదీ కార్మిక చట్టంలో 40వ అధికరణం ప్రకారం ఇఖామా, వర్క్ పర్మిట్, వాటి రెన్యువల్ ఖర్చులూ, ఒప్పందం ముగిశాక ఇంటికి వచ్చే టికెట్టూ యజమానే భరించాలి. కంపెనీ ఉచితంగా ఇచ్చిన వీసాను మధ్యలోవాళ్లు లక్షకూ లక్షన్నరకూ అమ్ముకుంటున్నారు. మనం కొంటున్నాం.

ఆ లక్షన్నర ఎక్కడి నుంచి వస్తుందో మనకు తెలుసు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 3 వేలు, ఏడాదికి 36 వేలు వడ్డీకే పోతుంది. అసలు అట్లాగే ఉంటుంది. ఖతార్‌లో 2021 మార్చి నుంచి కనీస జీతం నెలకు వెయ్యి రియాళ్లు. కంపెనీ తిండీ వసతీ ఇవ్వకపోతే తిండికి 300, వసతికి 500 అదనంగా ఇవ్వాలి. వెయ్యి రియాళ్లంటే మన డబ్బుల్లో 23 వేలకు పైనే. అందులో ఫోను, సబ్బు, మందులు, ఇంటికి పంపేది, వడ్డీ పోను అసలు తీరడానికి ఎన్ని నెలలు పడుతుందో ఇంటిల్లిపాదీ కూర్చుని కాగితం మీద లెక్క వేసుకోండి. రెండేళ్ల ఒప్పందంలో మొదటి ఏడాది అంతా అప్పుకే పోతుందని తేలితే, ఆ వీసా వద్దనడానికి సిగ్గుపడనక్కర్లేదు. అప్పు నెత్తిన ఉన్నవాడు అక్కడ చెడ్డ యజమానిని కూడా వదిలి రాలేడు. జీతం మూడు నెలలు ఆగినా నోరెత్తలేడు. ఉత్త చేతులతో ఇంటికి ఏ ముఖం పెట్టుకుని పోవాలని మథనపడతాడు. మనిషిని అక్కడ కట్టిపడేసేది కఫీల్ కన్నా ఎక్కువగా ఇక్కడి అప్పే. దాన్ని తగ్గించుకోవడం మన చేతిలో ఉంది.

డబ్బు కట్టాల్సి వస్తే బ్యాంకు ద్వారా కట్టండి. చేతికిచ్చిన డబ్బుకు రుజువు ఉండదు. మెడికల్ పరీక్ష అయ్యాక, ఒప్పందం చేతికి వచ్చాక కట్టండి. గల్ఫ్ మెడికల్‌ను ఊళ్లలో ఇప్పటికీ గామ్కా అంటారు, ఇప్పుడు దాని పేరు వాఫిద్. ఎప్పుడో వచ్చి నయమైపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా అన్‌ఫిట్ అంటారు. ముందే డబ్బు కట్టినవాళ్లు ఆ మాట విని కుప్పకూలిపోతారు. సౌదీకి ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ లాంటి పనులకు వెళ్లేవాళ్లకు పనితనం పరీక్ష కూడా ఉంది. ఇవన్నీ దాటాకే పైసల మాట.

ఒప్పందం దగ్గర కొంచెం ఆగుదాం. ఖతార్‌కు వెళ్లేవాళ్ల కోసం హైదరాబాద్‌లోనే ఖతార్ వీసా కేంద్రం ఉంది. వేలిముద్రలు, మెడికల్, ఒప్పందం మీద సంతకం, మూడూ ఇక్కడే జరుగుతాయి. ఆ ఖర్చు యజమానిది. అక్కడ తెర మీద ఒప్పందం కనిపిస్తుంది. సంతకం పెట్టే ముందు నాలుగు చోట్ల కన్ను ఆపండి. పని పేరు. మూల వేతనం. ఓవర్‌టైమ్ కాకుండా రోజుకు ఎన్ని గంటలు. తిండీ వసతీ ఎవరివి. ఏజెంటు చెప్పిన జీతం 1500, తెర మీద వెయ్యి ఉంటే, "తక్కింది ఓవర్‌టైమ్‌లో వస్తది" అని ఏజెంటు అంటాడు. కాగితం మీద లేని జీతాన్ని ఏ కోర్టూ ఇప్పించదు. తేడా ఉంటే అక్కడే కూర్చున్న సిబ్బందికి చెప్పండి, సంతకం ఆపండి. ఎమిరేట్స్‌లో కూడా పద్ధతి ఇదే. ముందుగా ఆఫర్ లెటర్ మీద సంతకం చేయించుకోవాలి, తర్వాత అక్కడ చేసే ఒప్పందం దానికి తగ్గట్టు ఉండాలి. మీకు నష్టం కలిగేలా మార్చకూడదు. కాబట్టి ఆఫర్ లెటర్ నకలు ఒకటి దగ్గర పెట్టుకోండి, ఒకటి ఇంట్లో ఇవ్వండి.

ఇప్పుడు ఆడవాళ్ల గురించి. కడప, అన్నమయ్య జిల్లాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఎందరో ఆడవాళ్లు కువైట్‌కు, మస్కట్‌కు ఇంటి పనికి వెళ్తున్నారు. భర్త తాగుడుకు బానిసై, పిల్లల ఫీజులు కట్టలేక, కూతురి పెళ్లి బాకీ తీర్చలేక బయల్దేరిన తల్లులు వీళ్లు. వీళ్లు పంపిన దినార్లతో నిలబడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ తల్లుల పట్ల నాకు గౌరవం ఉంది, అందుకే వాళ్లకు ఈ మాటలు తప్పకుండా చేరాలి.

అమ్మా, ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఇంటి పనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. ఇంటి పనికి ఆడవాళ్లను ప్రైవేటు ఏజెంట్లు పంపకుండా, ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నియమం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అట్లాంటి సంస్థలే. వయసు ఎక్కువ వేయించి పాస్‌పోర్టు తీయిస్తాననేవాడిని, విజిట్ మీద ఒక దేశంలో దించి అక్కడి నుంచి ఇంకో దేశానికి పంపిస్తాననేవాడిని గడప తొక్కనివ్వకండి.

కువైట్ వీసాల్లో రెండు రకాలు మనవాళ్లకు బాగా తెలుసు. కంపెనీల్లో పనికి 18వ అధికరణం కింద ఇచ్చేది షూన్ వీసా. ఇళ్లలో పనికి 20వ అధికరణం కింద ఇచ్చేది ఖాదీం వీసా. ఇంటి డ్రైవరు, వంటమనిషి, తోటమాలి అందరూ ఖాదీం కిందికే వస్తారు. మగవాళ్లకు ఖాదీం వీసా అమ్మి, "పోయినంక బయట ఏ పనైనా చేసుకోవచ్చు" అని చెప్పే ఏజెంట్లు ఉన్నారు. ఖాదీం వీసా ఉన్నవాడు ఆ ఇంట్లోనే చేయాలి. బయట హోటల్లోనో బండి మీదో పట్టుబడితే వేలిముద్రలు తీసుకుని తిప్పి పంపిస్తారు. ఇక ఇంటి పనివాళ్ల కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. వెళ్లే ముందు ఈ నాలుగూ తెలిసి ఉన్న ఆడమనిషి, తెలియని ఆడమనిషి కన్నా ధైర్యంగా నిలబడుతుంది. ఇవేవీ జరగని ఇళ్లు అక్కడ ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు చేయాల్సింది మన రాయబార కార్యాలయానికి చేరడం. అక్కడ ఆశ్రయం ఇస్తారు. ఎవరి ఇంట్లో పని చేస్తున్నారో ఆ యజమాని పేరు, ఫోను, ఇల్లున్న ప్రాంతం ముందే ఇంట్లోవాళ్లకు తెలిసి ఉంటే ఆదుకోవడం సులువవుతుంది.

బీమా సంగతి చిన్నదే, కానీ వదలొద్దు. ఈసీఆర్ అనుమతితో వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షలు వస్తుంది. విజిట్ మీద వెళ్లినవాడికి ఈ బీమా ఉండదు. నెలకు ఒక టీ ఖర్చుకు అటూ ఇటూ పడే ఈ బీమా లేక, సైటు మీద పడి చనిపోయిన మనిషి కుటుంబం చేతులు చాపాల్సి వస్తోంది. బీమా కాగితం ఇంట్లో భార్య దగ్గర ఉండాలి. నామినీ పేరు ఎవరిదో ఆమెకు తెలియాలి.

గల్ఫ్ దాటి ఇంకో దిక్కు కూడా ఒకసారి చూడాలి. ఈ మధ్య మోసం తూర్పు వైపు తిరిగింది. డిగ్రీ, ఇంజనీరింగ్ చదివిన పిల్లలకు కంబోడియా, లావోస్, మయన్మార్‌లలో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెబుతున్నారు. అక్కడికి చేరాక పాస్‌పోర్టు లాక్కుని, ఫోన్లలో జనాన్ని మోసం చేసే ముఠాల్లో కూర్చోబెడుతున్నారు. 2024 మేలో ఇట్లా కంబోడియాకు పిల్లల్ని పంపిన ఏజెంట్లను విశాఖపట్నం పోలీసులు అరెస్టు చేశారు. 2025 మార్చిలో మయన్మార్ ముఠాల చెర నుంచి బయటపడ్డ 500 మందికి పైగా భారతీయుల్ని మన వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్లలో తెలుగు పిల్లలూ ఉన్నారు. కంబోడియా, లావోస్, మయన్మార్ ఆ 18 దేశాల జాబితాలో లేవు. పైగా డిగ్రీ చదివినవాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్రే ఉండదు. అంటే మధ్యలో ఆపి కాగితం చూసే అధికారి లేడు. చదువుకున్న పిల్లలు ఎవరికి వాళ్లే తనిఖీ చేసుకోవాలి. టూరిస్టు వీసా మీద రమ్మనేవాడు, ఇంటర్వ్యూలో టైపింగు వేగం తప్ప ఏమీ అడగనివాడు, బ్యాంకాక్‌లో దిగితే బండి పంపిస్తాననేవాడు ఉద్యోగం ఇవ్వడు. తల్లిదండ్రులు ఈ మాట పిల్లలకు చెప్పాలి. పిల్లలు ఈ మాట స్నేహితులకు చెప్పాలి.

ఇదంతా విన్నాక కొందరికి అనుమానం రావచ్చు. ఇన్ని చూస్తూ కూర్చుంటే వీసా ఇంకొకడికి పోతుంది కదా అని. ఏజెంటు కూడా అదే అంటాడు. "రేపటికల్లా చెప్పాలె, నాలుగే వీసాలున్నయ్" అంటాడు. తొందరపెట్టడం వాళ్ల వ్యాపారంలో భాగం. నిజమైన కంపెనీకి నమ్మకంగా రెండేళ్లు పనిచేసే మనిషి కావాలి. ఆ మనిషి ఒప్పందం చదవడానికి రెండు రోజులు తీసుకుంటే ఆ కంపెనీకి పోయేదేమీ లేదు. చదవనివ్వని వీసా పోతే పోనివ్వండి. దాంతో పాటు ఒక అప్పు కూడా పోయింది.

వెళ్లడం ఖాయమైంది అనుకుందాం. అప్పుడు ఇంట్లో ఒక కవరు పెట్టండి. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల నకళ్లు, వీసా నకలు, ఒప్పందం, ఏజెంటు రసీదు, బీమా కాగితం, కంపెనీ పేరు, చిరునామా. అక్కడికి వెళ్లాక ఇఖామా రాగానే దాని ఫొటో ఇంటికి పంపాలి. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి. యజమాని తన దగ్గర అట్టిపెట్టుకోవడం గల్ఫ్ దేశాల చట్టాలకు కూడా విరుద్ధమే. జీతం బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకోవాలి. ఖాళీ కాగితం మీద ఎవరు అడిగినా సంతకం పెట్టకూడదు. ఈ కవరు ఉన్న ఇంటికి కష్టం వస్తే కలెక్టరేట్‌లోనైనా, రాయబార కార్యాలయంలోనైనా పని త్వరగా జరుగుతుంది. ఇది లేని ఇంటివాళ్లు, "మా ఆయన దుబాయ్‌ల ఉన్నడు, ఏడనో తెల్వదు" అని చెప్పాల్సి వస్తుంది. దుబాయ్ అంటారు, తీరా చూస్తే మనిషి మస్కట్‌లో ఉంటాడు. ఎంత మంచి అధికారి అయినా ఎక్కడని వెతుకుతాడు?

సాయం అడిగే చోట్లు కూడా రాసుకోండి. విదేశాలకు వెళ్లే కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే టోల్‌ఫ్రీ నంబరు ఉంది. పెన్ను పట్టుకోండి. 1800 11 3090. మళ్లీ చెబుతున్నాను. 1800 11 3090. ఏజెంటు మీద అనుమానం ఉన్నా, వీసా గురించి సందేహం ఉన్నా ఈ నంబరుకు చేయొచ్చు. అక్కడ చిక్కుకున్నవాళ్ల తరఫున ఇంటి నుంచే మదద్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టొచ్చు. దుబాయ్, రియాద్, జెడ్డాలలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాలు ఉన్నాయి. చేతిలో పైసా లేక చిక్కుకున్నవాళ్లకు తిండి, వసతి, టికెట్టు ఇవ్వడానికి, చనిపోయినవాళ్లను ఇంటికి చేర్చడానికి మన రాయబార కార్యాలయాల దగ్గర 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది. అడిగితేనే ఇస్తారు. అడగడానికి మొహమాటపడొద్దు. గల్ఫ్ నుంచి ఈ దేశానికి చేరే డబ్బులో మీ చెమట ఉంది. ఆ నిధి మీలాంటివాళ్ల కోసమే పెట్టారు.

చివరగా ఇంటి పెద్దలకు, ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్లకు ఒక మనవి. గల్ఫ్‌కు పోవాలన్న నిర్ణయం చాలా ఇళ్లలో మగవాళ్లు, ఏజెంటు మాట్లాడుకుని తేల్చేస్తారు. అప్పు తీర్చేటప్పుడు మాత్రం కష్టమంతా ఇంట్లోని ఆడవాళ్ల మీద పడుతుంది. కుదువపెట్టే పుస్తెలతాడు మీది, అప్పులవాళ్లకు జవాబు చెప్పేది మీరు. కాబట్టి ఏజెంటు ఇంటికి వచ్చిన రోజున మీరూ వచ్చి కూర్చోండి. మూడు ప్రశ్నలు అడగండి. ఇది పని వీసానా, విజిట్ వీసానా? దీని మీద కంపెనీ పేరు, పని పేరు, జీతం ఎక్కడ రాసి ఉన్నాయి? నీ లైసెన్సు నంబరు ఏది, కట్టే ప్రతి రూపాయికీ రసీదు ఇస్తావా? మూడింటికీ కాగితం చూపిస్తే సంతోషంగా పంపండి. ఒక్కదానికి మాటలతో సరిపెట్టినా, పైసలు బయటికి తీయకండి. బడికి పోకపోయినా ఈ మూడూ అడగొచ్చు. మన ఊరి ఆడవాళ్లు ఇవి అడగడం మొదలుపెడితే, చదవనివ్వని వీసాలు అమ్ముకునేవాళ్లు ఆ ఊళ్లోకి రావడానికే వెనకాడతారు.

వెళ్లేవాళ్లందరూ మంచి కాగితం మీద వెళ్లి, కష్టపడి సంపాదించి, క్షేమంగా తిరిగి రావాలని కోరుకుంటున్నాను.